సంపద అలవాట్లతో వస్తుందా, పుట్టుకతో వస్తుందా? నల్లగొండ, పాలమూరు అనుభవం ఏం చెప్తోంది?

నల్లగొండ అధ్యాపకుడు (ప్రశ్న)

నేను నల్లగొండలోని ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. పేదరికం మీద పాఠం జరుగుతున్నప్పుడు తరగతిలో మొదలైన వాదన ఇంకా తెగలేదు. పొదుపు, కష్టపడే గుణం, క్రమశిక్షణ ఉన్నవాళ్లు ఎప్పటికైనా పైకి వస్తారనీ, అవి లేనివాళ్లకు ఎంత సాయం చేసినా నిలవదనీ కొందరు విద్యార్థులు అంటున్నారు. పుట్టిన ఇల్లు, దక్కిన భూమి, తెలిసిన మనుషులు, వీటితోనే అన్నీ తేలిపోతాయని, అలవాట్ల గొప్పలు ఆస్తి ఉన్నవాళ్లు చెప్పుకునేవని మిగిలినవాళ్లు అంటున్నారు. గమనించి చూస్తే మొదటి మాట అంటున్నవాళ్లలో ఎక్కువమంది మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ వైపు పిల్లలు. రెండో మాట అంటున్నవాళ్లలో ఎక్కువమంది దేవరకొండ, మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు.

ఇది ఊరికే జరిగిందని నేను అనుకోవడం లేదు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ ఎటు పోవాలో నేల వాలును బట్టి నిర్ణయమైంది. కాల్వకు దిగువన పడిన చెలక (వాన మీద పండే మెట్ట నేల) వరి పొలమైంది. జలాశయం ఒడ్డునే ఉన్న చందంపేట, నేరేడుగొమ్ము ప్రాంతాల్లో నేల ఎత్తుగా ఉండడం వల్ల నీళ్లు కళ్లెదుట కనిపిస్తున్నా పొలానికి ఎక్కలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోస్తే తప్ప నీళ్లు పైకి రాలేదు, అలా ఎత్తిన నీళ్లలోనూ కొంత హైదరాబాద్ నల్లాలకు పోతుంది. ఏ రైతూ తెల్లవారుజామున లేచినందుకు కాల్వ అతని పొలం పక్కకు రాలేదు. ఇక మర్రిగూడ, మునుగోడు వైపు సంగతి మరీ కఠినం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగకూడదని నిబంధన ఉండగా, అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు తాగి రెండు మూడు తరాల మనుషుల ఎముకలు వంగిపోయాయి. రెక్కల కష్టమే ఆస్తి అయిన కూలీ మనిషికి ఆ రెక్కలే లేవకపోతే క్రమశిక్షణ అతనికి ఏం సంపాదించి పెడుతుంది?

అయినా ఒకే కాల్వ కింద, ఒకే తూము నీళ్లతో సాగుచేసిన కుటుంబాల్లో కొన్ని ఎదిగి, కొన్ని చితికిపోయిన మాట కూడా నిజమే. దాన్ని అదృష్టం అనే ఒక్క మాటతో కొట్టిపారేయలేను. భూమి, వలస, అప్పు, వ్యాపారం దగ్గరగా చూసినవారు తమ అనుభవాన్ని వివరంగా రాయాలని కోరుతున్నాను. నినాదాలు వద్దు, పిల్లలకు చదివి వినిపిస్తాను.

ఎడమ కాల్వ రైతు

అధ్యాపకుల వారికి నమస్కారం. మాది హుజూర్‌నగర్ వైపు ఒక ఊరు. మీ విద్యార్థుల్లో మొదటి వర్గం పక్షాన రాస్తున్నాను, ఎందుకంటే ఈ రోజుల్లో ఆ మాట అనడమే తప్పన్నట్టుగా మాట్లాడుతున్నారు.

కాల్వ మాకు కలిసొచ్చిందని ఒప్పుకుంటాను. కానీ మా తూము కింద ఉన్న రైతులందరికీ నీళ్లు ఒకే రోజు వచ్చాయి, ఒకే రోజు ఆగాయి. వరి ధర అందరికీ ఒకటే. ఇన్నేళ్లు గడిచాక చూస్తే కొందరి పిల్లలు మిర్యాలగూడలో మిల్లుల్లో భాగస్వాములయ్యారు, కొందరు ఉన్న భూమి అమ్ముకుని మళ్లీ కూలికి వస్తున్నారు. ఈ తేడాకు కాల్వను కారణంగా చూపలేం కదా.

మా అమ్మ చదివింది నాలుగో తరగతే. రాత్రి గిన్నెలు కడిగాక, అందరూ పడుకున్నాక, దీపం దగ్గర కూర్చుని లెక్క రాసేది. నాటుకు ఎంతమంది కూలీలు వచ్చారు, ఏ మడికి ఎన్ని కట్టల యూరియా పడింది, మిల్లుకు ఎన్ని బస్తాలు తోలాం, తరుగు కింద ఎంత తీశారు, ఇంటి ఖర్చుకు ఎంత వాడాం, అన్నీ అందులో ఉండేవి. మోటు కాగితాలు కుట్టి చేసిన పుస్తకం అది. ఏడాది తిరిగేసరికి ఏ మడిలో యాసంగి వేస్తే నష్టం వస్తుందో మాకు తెలిసేది, పక్కవాళ్లకు తెలిసేది కాదు. ఒక సంవత్సరం మిల్లువాడు తరుగు ఎక్కువ తీస్తే అమ్మ ఆ పుస్తకం పట్టుకుని వెళ్లి కూర్చుంది, తేడా డబ్బు తిరిగి ఇచ్చేదాకా లేవలేదు. మా అక్కల పెండ్లిళ్లు ఊరంతా మాట్లాడుకునేలా చేయలేదని బంధువులు ఎత్తిపొడిచారు. అదే సమయంలో మా పక్క పొలం వాళ్లు ఒక పెండ్లికి అర ఎకరం, ఒక గృహప్రవేశానికి మరో అర ఎకరం అమ్ముతూ పోయారు. ఆ భూమిలో కొంత మేమే కొన్నాం.

చిన్నపిల్లలకు ఒక మిఠాయి ఇచ్చి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెప్పి చేసిన పరీక్ష గురించి అర్థశాస్త్రం చెప్పే మీకు తెలిసే ఉంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే ఆచార్యుడు చేసింది. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తేలింది. మా అమ్మ ఆ పరీక్ష గురించి వినలేదు గానీ, జీవితమంతా రెండో మిఠాయి కోసం ఆగింది. ఆ మనిషి కష్టాన్ని కాల్వ ఖాతాలో రాస్తే నాకు బాధగా ఉంటుంది.

మక్తల్ ఆడబిడ్డ

అన్నా, మీ అమ్మగారి పుస్తకం గురించి చదువుతుంటే నాకు మా అక్క గుర్తుకొచ్చింది, అందుకే రాస్తున్నాను.

మాది నారాయణపేట జిల్లా మక్తల్ దగ్గర, అంటే పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా. మా అమ్మానాన్నలు గుంపు మేస్త్రి కింద పనికి పోయేవాళ్లు. ఆ పద్ధతి తెలియనివారి కోసం చెప్తాను. పండుగకు ఊరికి వచ్చినప్పుడు మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు పాత అప్పు తీర్చడానికో, బోరుకో, ఇంట్లో జబ్బుకో పోతుంది. దానికి బదులుగా భార్యాభర్తలు ఇద్దరినీ ఒక జంటగా లెక్కగట్టి పుణెకో, ముంబైకో, ఎక్కడో కడుతున్న కాల్వకో తీసుకుపోతాడు. అక్కడ వారం వారం తిండి ఖర్చులకు మాత్రం డబ్బు ఇస్తారు. కూలి మొత్తం మేస్త్రి పుస్తకంలో ఉంటుంది. పని ముగిశాక లెక్క చూసి, అడ్వాన్సు, ఖర్చులు, పని మానేసిన రోజులు తీసేస్తే మిగిలేది చేతికి వస్తుంది. చాలాసార్లు మిగలదు, పైగా ఇంకా బాకీ ఉన్నారని తేలుతుంది. ఆ బాకీకి మళ్లీ వచ్చే ఏడాది అదే మేస్త్రి కింద పని.

మా నాన్నకు చదువు రాదు, మేస్త్రి పుస్తకంలో వేలిముద్ర వేసేవాడు. అప్పటికి మా అక్కకు పన్నెండేళ్లు ఉంటాయేమో. సైటు మీద వేసుకున్న రేకుల గుడిసె లోపలి గోడ మీద రోజూ బొగ్గుతో గీతలు గీసేది. అమ్మకు ఒక వరుస, నాన్నకు ఒక వరుస. సగం రోజు పని చేస్తే చిన్న గీత, వర్షం వల్ల పని లేకపోతే సున్నా. ఖర్చులకు డబ్బు ఇచ్చిన రోజు పక్కన అడ్డగీత. ఎవరూ నేర్పలేదు. ఒకసారి లెక్క చూసే రోజు రాకముందే మా గుంపును ఇంకో సైటుకు మార్చారు, గుడిసెలు పీకేసి రేకులు లారీలో వేసుకుపోయారు. లెక్క రోజున మేస్త్రి పుస్తకంలో ఉన్న రోజులు మా అక్క లెక్కకంటే చాలా తక్కువ. అక్క నోటితో చెప్పింది. నవ్వారు. మీ అమ్మగారు మిల్లులో కూర్చున్నట్టు మా అమ్మ కూర్చోలేకపోయింది, ఎందుకంటే మిల్లుకు మీ వడ్లు కావాలి, మేస్త్రికి మా అమ్మ ఒక్కతే కూలీ కాదు. పైగా అడ్వాన్సు మా మెడ మీద ఉంది.

నాకు గురుకుల పాఠశాలలో సీటు వచ్చింది. 1971లో అప్పటి మీ నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో మొదలైన ఆ గురుకులాల ఏర్పాటు లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాను. ఈరోజు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నాను, నెల తిరగ్గానే జీతం పడుతుంది, భవిష్య నిధికి కొంత పోతుంది, ఇంకొంత నేనే దాచుకుంటాను. నాకు మంచి అలవాట్లు ఉన్నాయని నా తోటి ఉద్యోగులు మెచ్చుకుంటారు. మా అక్కకు సీటు కోసం ఎవరూ ప్రయత్నించలేదు, ఎందుకంటే సైటు మీద తమ్ముణ్ణి చూసుకోవడానికి ఒకరు కావాలి, పెద్దది తనే. నేను రెండోదాన్ని కావడంలో నా ప్రతిభ ఏముంది? నాకంటే అక్కకే లెక్క బాగా వచ్చు. ఇప్పటికీ నోటితోనే నాకంటే ముందు కూడుతుంది. ఆమె ఇంకా కట్టడం పనికే పోతోంది.

అధ్యాపకుల వారూ, ఒక్క మాట మీ విద్యార్థులకు చెప్పండి. పొద్దున నాలుగింటికి లేవడం, రోజంతా ఒళ్లు వంచి పనిచేయడం, ఒక్క రూపాయి వృథా చేయకపోవడం, ఇవే సంపదకు దారులైతే ఈ దేశంలో పాలమూరు కూలీలంత ధనవంతులు ఇంకొకరు ఉండకూడదు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

నేను గ్రామీణ శాఖల్లో ఉద్యోగ జీవితమంతా గడిపి, దేవరకొండ ప్రాంతంలో ఉన్నప్పుడు పదవీ విరమణ చేశాను. పై రెండు ఉత్తరాలు చదివాక ఈ చర్చలో అసలు విషయం బయటపడిందని నాకు అనిపించింది. ఆ తల్లి పుస్తకం, ఆ పాప బొగ్గు గీతలు ఒకే అలవాటు. ఒకచోట దానికి భూమి తోడుగా ఉంది, అది ఆస్తిగా మారింది. ఇంకోచోట ఏ తోడూ లేదు, అది గోడతో పాటు లారీ ఎక్కిపోయింది. అలవాటుకు విలువ ఉందా లేదా అని అడిగే ముందు, ఒకే అలవాటుకు ఎవరికి ఎంత ఫలం దక్కుతోంది అని అడగాలి. దీన్ని నేను ప్రతిరోజూ వడ్డీ రూపంలో చూశాను.

పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్న రైతుకు మూడు లక్షల దాకా పంట రుణం కేంద్ర ప్రభుత్వ రాయితీతో 7 శాతం వడ్డీకి దొరుకుతుంది. గడువులోగా కడితే మరో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. అదే ఊరిలో, పక్క చేనులో, అదే పత్తి వేసిన కౌలు రైతుకు పాస్‌పుస్తకం లేదు. అతను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు, అంటే ఏడాదికి 24 శాతం. అవసరం మరీ ముదిరితే మూడు రూపాయలు, అంటే 36 శాతం. లక్ష రూపాయల మీద మొదటి రైతు ఏడాదికి 4 వేలు కడితే రెండో రైతు 24 వేలు కడతాడు. ఇద్దరూ గడువు తప్పకుండా కట్టే నిజాయితీపరులే అనుకుందాం. మొదటి రైతు తనకు మిగిలిన ఆ 20 వేలను ఏటా 7 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్లో వేస్తూ పోతే పదేళ్లకు సుమారు 2 లక్షల 76 వేలు అవుతుంది. ఆ డబ్బుతో అతను కొడుకును ఇంజినీరింగ్ చదివిస్తే ఊరంతా అతని పొదుపును మెచ్చుకుంటుంది. రెండో రైతు పొదుపు మాత్రం వడ్డీ కట్టడంలోనే అయిపోయింది, అది ఎవరికీ కనిపించదు.

పైగా కౌలు రైతు అప్పు తెచ్చేది చాలాసార్లు ఆడ్తి (కమీషన్) వ్యాపారి దగ్గర. అప్పు ఇచ్చినవాడికే పంట అమ్మాలి, అతను కట్టిన ధరే ధర, అతను తీసిన తరుగే తరుగు. ఇంకో మార్కెట్‌కు తోలి నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చుకునే తెలివి ఆ రైతుకు లేదని అనకండి, అప్పు తీసుకున్న రోజునే ఆ తెలివిని తాకట్టు పెట్టాడు. 2018 మేలో ప్రభుత్వ పెట్టుబడి సాయం రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4 వేల చొప్పున పట్టాదారుకు వచ్చాయి. పది ఎకరాల ఆసామికి ఏడాదికి 80 వేలు, రెండెకరాల రైతుకు 16 వేలు, కౌలు రైతుకు ఏమీ లేదు. అదే ఏడాది ఆగస్టు 15న మొదలైన రైతుబీమా కూడా పట్టా ఉన్నవారికే. ఒకే వయసులో, ఒకే పిడుగుకు ఇద్దరు రైతులు చనిపోతే ఒక ఇంటికి 5 లక్షలు వస్తాయి, రెండో ఇంటికి అప్పుల వాళ్లు వస్తారు. ఆ తర్వాత ఆ రెండు ఇళ్ల పిల్లల అలవాట్లను పోల్చి చూడడం న్యాయమేనా?

2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. కానీ కౌలు రాసిస్తే భూమి మీద హక్కు అడుగుతారేమోనన్న భయం భూయజమానుల్లో గట్టిగా ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులు వచ్చిన సంగతి ఇక్కడి పాత కుటుంబాలకు ఇంకా గుర్తే. అందుకే కౌలు ఒప్పందాలన్నీ నోటి మాట మీదే నడుస్తున్నాయి, బ్యాంకు మేనేజరుకు కాగితం కావాలి.

హుజూర్‌నగర్ రైతు గారు చెప్పిన మిఠాయి పరీక్ష గురించి కూడా ఒక మాట. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హొనన్ క్వాన్ అనే పరిశోధకులు అదే విషయాన్ని తొమ్మిది వందలకు పైగా పిల్లల సమాచారంతో మళ్లీ పరిశీలించారు. ఇంటి పరిస్థితి, తల్లి చదువు వంటివి లెక్కలోకి తీసుకున్నాక, ఆగడానికీ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం చాలా వరకు తగ్గిపోయింది. ఇంట్లో రేపు కూడా మిఠాయి ఉంటుందని నమ్మకం ఉన్న పిల్లవాడు ఆగగలడు. చెప్పిన మాట తప్పే పెద్దల మధ్య పెరిగిన పిల్లవాడు దొరికినప్పుడే తింటాడు, అతని లెక్క అతనికి సరైనదే.

దీనికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తమిళనాడులో చెరకు రైతుల మీద జరిగిన పరిశోధన. 54 గ్రామాల్లో 464 మంది రైతులకు పంట డబ్బు రాకముందు, వచ్చాక ఒకే రకం బుద్ధి పరీక్షలు పెట్టారు. పంట ముందు చేతిలో డబ్బు లేక నగలు తాకట్టులో ఉన్నప్పుడు తక్కువగా చేసిన అదే రైతులు, డబ్బు చేతికి వచ్చాక మెరుగ్గా చేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మనిషి మారలేదు, చదువు మారలేదు, మారింది మనసు మీది బరువు ఒక్కటే. బ్యాంకులో నా టేబులు ముందు నిలబడి, ఫారం మీద ఎక్కడ సంతకం పెట్టాలో మూడుసార్లు అడిగిన రైతులను కొందరు సిబ్బంది విసుక్కునేవారు. ఆ మనిషి తలలో ఆ క్షణాన ఏ బాకీ గడువు తిరుగుతోందో మనకు తెలియదు.

చౌటుప్పల్ వాసి

సంక్షిప్తంగా రాస్తాను. మా ప్రాంతంలో గత ఇరవై ఏళ్లలో కోటీశ్వరులైనవారిలో చాలామందిని భూమి ధర కోటీశ్వరులను చేసింది. విజయవాడ రహదారి వెడల్పయింది, హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, పరిశ్రమలు వచ్చాయి, ఇప్పుడు ప్రాంతీయ రింగ్ రోడ్డు అంటున్నారు. జొన్నలు, ఆముదాలు పండిన నేల గజాల్లోకి మారింది. మహబూబ్‌నగర్ వైపు షాద్‌నగర్, జడ్చర్లలోనూ ఇదే జరిగింది.

ఇందులో ఎవరికి లాభం వచ్చిందో చూడండి. ధర పెరిగేదాకా ఆగగలిగినవాళ్లకు వచ్చింది. ఆగలేనివాళ్లు ఎందుకు ఆగలేకపోయారు? తండ్రికి ఆపరేషన్, కూతురి పెండ్లి, వరుసగా ఎండిన బోర్లు. మా దగ్గర రాతి నేల, నీళ్లు రాళ్ల పగుళ్లలో మాత్రమే ఉంటాయి. ఒక చేనులో రెండు వందల అడుగులకు పడిన నీళ్లు పక్క చేనులో ఎంత లోతు పోయినా పడవు. బత్తాయి తోట పెట్టినవాడు నాలుగైదేళ్లు కన్నబిడ్డలా పెంచి కాపు అందే సమయానికి బోరు ఎండిపోతే, ట్యాంకర్లతో నీళ్లు తోలి, చివరికి చెట్లు కొట్టేసి, ఆ అప్పు కింద భూమి అమ్ముకున్నాడు. ఆ భూమి కొన్నవాడు ఏ పంటా వేయకుండా ఉత్తగా ఉంచి పదేళ్లకు అమ్ముకుని లాభం తీశాడు. కష్టపడే గుణం ఈ ఇద్దరిలో ఎవరిది?

ఇంకో సంగతి. ప్రభుత్వం పేదలకు, ఎక్కువగా దళిత కుటుంబాలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని 1977 చట్టం ప్రకారం అమ్ముకోవడానికి లేదు. పేదల చేతి నుంచి భూమి జారిపోకుండా చేసిన చట్టం అది, ఉద్దేశం మంచిదే. కానీ రోడ్డు పక్కన ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చేన్లలో, పట్టా భూమి ఉన్నవాడికి దక్కిన ధర అసైన్డ్ భూమి ఉన్నవాడికి దక్కలేదు. తాతలనాడు కాగితం మీద రాసిన మాట మనవళ్ల ఆస్తిని నిర్ణయించింది.

ఎడమ కాల్వ రైతు

మక్తల్ చెల్లెమ్మా, మీ అక్క గీతల గురించి చదివి ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించాను. మా అమ్మ మిల్లులో కూర్చోగలిగింది అంటే ఆమె వెనుక పొలం ఉందని మీరు చెప్పిన మాటకు నా దగ్గర సమాధానం లేదు, అది నిజం.

కానీ నాకు ఇంకో భయం ఉంది, దాన్ని ఇక్కడ పెట్టకుండా ఉండలేను. మా ఊరిలో చదువు మధ్యలో మానేసిన పిల్లలను చూస్తున్నాను. ఆన్‌లైన్ రమ్మీలో, క్రికెట్ పందేల్లో తండ్రి పంట డబ్బు పోగొట్టినవాళ్లు ఉన్నారు. బెల్టు షాపు ముందు పొద్దున్నే నిలబడేవాళ్లు ఉన్నారు. వీళ్లకు అంతా పుట్టుకతోనే రాసిపెట్టి ఉందని చెప్తే, వాళ్లు ఆ మాట పట్టుకుని కూర్చుంటారు. ఉన్నవాడి ఇంట్లో అబ్బాయి తాగినా, పందెం కాసినా తండ్రి ఆస్తి అడ్డు పడుతుంది. లేనివాడి ఇంట్లో అదే అలవాటు ఇల్లు ముంచుతుంది. అంటే మంచి అలవాటు పేదవాడికి తక్కువ ఫలం ఇస్తుంది గానీ, చెడు అలవాటు పేదవాడినే ఎక్కువగా దెబ్బతీస్తుంది. కాబట్టి పేదవాడికి క్రమశిక్షణ ఇంకా ఎక్కువ అవసరం. ఇది చెప్పడం పేదవాణ్ణి నిందించడం కింద లెక్క వేయకండి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

రైతు గారు చెప్పిన చివరి మాట చాలా విలువైనది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒక జారుపాటును తట్టుకునే శక్తి అందరికీ సమానంగా లేదు. ధనవంతుడి ఇంట్లో తప్పుకు రెండో అవకాశం ఉంటుంది. పేదవాడి ఇంట్లో తప్పు లేకపోయినా, ఒక జబ్బుకే మొదటి అవకాశం పోతుంది.

అయితే అలవాటు నేర్పడం ఒక్కటే సరిపోదని, ఆస్తి ఇవ్వడం ఒక్కటే చాలని కూడా అనలేమని చూపిన ప్రయత్నం ఒకటి ఉంది. మన దేశంతో సహా ఆరు దేశాల్లో పది వేలకు పైగా నిరుపేద కుటుంబాలతో జరిగిన ఆ కార్యక్రమ ఫలితాలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 2015లో ప్రచురించారు. ఎంపిక చేసిన కుటుంబాలకు మేకలో, ఆవులో, చిన్న వ్యాపారానికి సరుకో ఇచ్చారు. అవి అమ్ముకుని తినాల్సిన అవసరం రాకుండా కొన్నాళ్లు తిండి ఖర్చుకు డబ్బు ఇచ్చారు. పొదుపు ఖాతా తెరిపించారు, తరచూ ఇంటికి వచ్చి మాట్లాడే మనిషిని పెట్టారు. సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా ఆ కుటుంబాల రాబడి, తిండి, పొదుపు మిగతావారికంటే మెరుగ్గా ఉన్నాయి. నాకు ఇందులో ముఖ్యమనిపించింది ఆ తిండి ఖర్చు. ఆకలి తీరకుండా మేకను చేతిలో పెట్టి పొదుపు పాఠం చెప్తే, ఆ మేక సంతకు పోతుంది.

మా శాఖ పరిధిలోని మహిళా సంఘాల్లో కూడా నేను ఇదే చూశాను. నెలనెలా పొదుపు, పుస్తకం రాయడం అందరికీ ఒకటే. అప్పటికే కిరాణా కొట్టో, కుట్టు మిషనో ఉన్న ఆమె సంఘం అప్పుతో దాన్ని పెంచుకునేది. ఏమీ లేని ఆమె ఆ అప్పుతో పాత అప్పు తీర్చేది. రెండో ఆమెకు అలవాటు లేదని నేను ఏ రోజూ అనుకోలేదు, సంఘం పుస్తకంలో ఆమె వాయిదా ఒక్కటి కూడా తప్పలేదు.

నల్లగొండ అధ్యాపకుడు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగిన ప్రశ్న నిలిచిన తీరే మారిపోయింది. పిల్లలతో ఒక పని చేయించాలని నిర్ణయించుకున్నాను. ప్రతి విద్యార్థి తన ఇంటి రెండు తరాల చరిత్రను పెద్దలను అడిగి రాస్తాడు. భూమి ఎప్పుడు వచ్చింది, ఏ కాగితం మీద వచ్చింది, నీళ్లు ఎప్పుడు అందాయి, అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చారు, ఇంట్లో లెక్క ఎవరు రాశారు, పొదుపు ఎక్కడ దాచారు, తాగుడు, జూదం వల్ల పోయింది ఏమైనా ఉందా అనే ప్రశ్నలు ఇప్పటికి రాసుకున్నాను. కాల్వ వైపు పిల్లవాడు, దేవరకొండ వైపు పిల్లవాడు జంటగా కూర్చుని ఒకరి కాగితం ఒకరు చదవాలి. పేర్లు ఎక్కడా బయటపెట్టం. ఇంకేమైనా చేర్చాలంటే చెప్పండి.

మక్తల్ ఆడబిడ్డ

సార్, ఇంట్లో ఎవరి చదువు ఆపి ఎవరి చదువు సాగించారో తప్పకుండా అడగండి. అన్నదమ్ముల గురించి అడిగి ఊరుకోకుండా అక్కాచెల్లెళ్ల గురించి విడిగా అడగండి, లేకపోతే పెద్దలు చెప్పరు. కష్టం వచ్చినప్పుడు మొదట అమ్మింది ఏమిటి, చివరిదాకా అమ్మకుండా కాపాడింది ఏమిటి అనేది కూడా రాయించండి.

మా పాలమూరు వైపు పిల్లలు మీ తరగతిలో ఉంటే వాళ్లకు కొంచెం గడువు ఇవ్వండి. వాళ్ల అమ్మానాన్నలు పీర్ల పండుగకో, ఉగాదికో ఊరికి వస్తారు. ఫోన్లో అడిగితే అంతా బాగానే ఉందంటారు, ఎదురుగా కూర్చుంటేనే చెప్తారు.